పోగు తెగితే మగ్గం ఆగేది

బండారులంకలో మా అమ్మమ్మగారి ఇల్లు మగ్గాల వీధికి ఆనుకుని ఉండేది. అమలాపురం పక్కనే ఉన్న ఆ ఊరి చేనేత చీరలకు కోనసీమ దాటి కూడా పేరుంది. సెలవులకు వెళ్ళే పిల్లలమైన మాకు మాత్రం ఆ ఊరంటే తెల్లవారుతూనే గోడ అవతల మొదలై అన్నాల వేళ దాకా సాగే మగ్గం చప్పుడే. పక్కింటి నేత పెద్దాయనను మేమందరం బాబాయిగారు అనీ, ఆయన భార్యను పిన్నిగారు అనీ పిలిచేవాళ్ళం. ఆయన గుంటమగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చుని, ఒక చేత్తో తాడు లాగి అడ్డపోగు మోసే నాడెను పరుగెత్తిస్తూ, రెండో చేత్తో ఆ పోగును నొక్కే దువ్వెనలాంటి పన్నెను దగ్గరకు కొడుతూ నేస్తుంటే గడపలో కూర్చుని చూడడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

ఇన్నేళ్ళ తరువాత ఆ మగ్గం గురించి రాయడానికి కారణం ఉంది. నా ఉద్యోగ జీవితమంతా వాహనాల విడిభాగాలు తయారుచేసే కర్మాగారాలలో, నాణ్యత విభాగంలో గడిచింది. వృథాను తగ్గించి, అడిగినంతే తయారుచేసే, లీన్ అని పిలిచే నిర్వహణ పద్ధతిని అక్కడి శిక్షణ తరగతులలో నేర్చుకున్నాను, ఆ తరువాత ఎందరికో నేర్పాను. అయితే తరగతిలో రాసుకున్న సూత్రం వెనుక ఉన్న కారణం నాకు అర్థమైన ప్రతిసారీ, ఆ కారణాన్ని నేను అంతకు ముందే ఎక్కడో చూసినట్టు అనిపించేది. ఆలోచిస్తే అది ఈ మగ్గం దగ్గరో, మా నాన్నగారి ఊరి పంటబోదె గట్టు మీదో తేలేది.

నిలువు పోగుల వరుస అయిన పడుగులో ఒక్క పోగు తెగితే చాలు, బాబాయిగారి చేతులు ఆగిపోయేవి. వేల పోగుల మధ్య తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని, చిన్న దారం ముక్కతో ముడివేసి, పోగులను పైకీ కిందికీ కదిపే అచ్చులోని కంటిలో నుంచీ పన్నె సందులో నుంచీ ఆ పోగును దాటించి, అప్పుడు గానీ మళ్ళీ తాడు పట్టుకునేవారు కాదు. ఒక్కొక్క రోజు దారం బాగుండక గడియకొకసారి తెగేది, ఆయన గడియకొకసారి ఆగేవారు. అంత చిన్న పోగు కోసం ఇంత పెద్ద పని ఆపడం ఎందుకని ఒకరోజు అడిగాను.

“ఇప్పుడు ఆగితే ఒక ముడితో పోతుంది బాబూ. మూరెడు నేశాక చూసుకుంటే మూరెడూ విప్పుకోవాలి. చీర దిగాక షావుకారు చూస్తే కూలి తగ్గించుకోవాలి” అన్నారు.

ఆ మాటకన్నా నా మనసులో ఎక్కువగా నిలిచినది పిన్నిగారు చేసే పని. వసారాలో రాట్నం ముందు కూర్చున్న ఆమెకు మగ్గం చప్పుడు ఆగడమే కబురు. ఏమైందని కేకవేసి అడగకుండా, తన చేతిలోని పని పక్కన పెట్టి, దారం ముక్క తీసుకుని వచ్చి, మగ్గానికి అవతలి వైపు నిలబడి పోగు అందించేది. మగ్గం ఆగినందుకు ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ కసురుకోవడం నేను చూడలేదు. ఆగడం కూడా నేతలో భాగమే అన్నట్టు వాళ్ళు నడుచుకునేవారు.

లీన్ పద్ధతి పుట్టుక కూడా మగ్గం దగ్గరే ఉందని శిక్షణ తరగతిలో తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. జపాన్‌లో ఒక వడ్రంగి కుమారుడైన సకిచి టొయోడా 1891లో చెక్క చేతిమగ్గానికి తన తొలి పేటెంటు పొందాడు. ఆ తరువాత జీవితమంతా మగ్గాల మీదే పనిచేసి, 1924 నాటికి నేత ఆపకుండానే నాడె తనంతట తాను మారే మగ్గాన్ని సిద్ధం చేశాడు. ఆ మగ్గానికి ఇంకొక గుణం ఉంది. పడుగు పోగు తెగినా, పేక అనే అడ్డపోగు నూలు అయిపోయినా అది తనంతట తానే ఆగిపోతుంది. 1926లో ఆయన మగ్గాల తయారీ కంపెనీ వెలిసింది. 1929లో ఆ మగ్గం హక్కులను ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ సంస్థ కొనుక్కుంది. బట్టల మిల్లులకు పుట్టిల్లయిన దేశం జపాన్ నుంచి మగ్గాన్ని కొనుక్కోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. సకిచి కుమారుడు కిచిరో 1937లో టొయోటా మోటార్ కంపెనీని స్థాపించాడు.

1932లో టొయోడా వారి నూలు మిల్లులో చేరి, 1943లో మోటార్ కంపెనీకి మారిన తైచి ఓనో అనే ఇంజనీరు ఈ మగ్గం గుణాన్ని కార్ల తయారీలోకి తీసుకువచ్చాడు. నేత శాలలో తప్పు జరిగితే మగ్గం తానే ఆగుతుంది గనుక ఒక్క మనిషి అనేక మగ్గాలను చూసుకోగలిగేవాడు. కార్ల కర్మాగారంలో మాత్రం ఒక్కొక్క యంత్రం పక్కన ఒక్కొక్క మనిషి కాపలా నిలబడి ఉన్నాడు. యంత్రానికి కాపలా కాయడం మనిషికి తగిన పని కాదని ఓనో అనుకున్నాడు. తప్పు జరిగిన క్షణంలో యంత్రం ఆగేటట్టు, యంత్రం ఆగని చోట మనిషే పని వరుసను ఆపగలిగేటట్టు ఏర్పాటు చేయించాడు. తల పైన ఒక తాడు వేలాడుతుంది. తప్పు కనిపించిన పనివాడు ఆ తాడు లాగితే దీపం వెలుగుతుంది, పైఅధికారి అక్కడికే వస్తాడు, ఇద్దరూ కలిసి చూస్తారు, తప్పు సరికాకపోతే వరుస మొత్తం ఆగుతుంది. మగ్గం చప్పుడు ఆగగానే దారం ముక్కతో లేచి వచ్చే పిన్నిగారు చేసిన పని సరిగ్గా అదే.

ఆమె రాట్నం గురించి కూడా చెప్పాలి. పేక నూలును ఆమె కండెలకు చుట్టి ఒక చిన్న బుట్టలో వేసి మగ్గం పక్కన పెట్టేది. బాబాయిగారు నాడెలో కండె ఖాళీ కాగానే ఆ ఖాళీ కండెను బుట్టలో పడేసి నిండు కండె తీసుకునేవారు. బుట్టలో ఖాళీవి ఎన్ని పోగైతే ఆమె అన్నే చుట్టేది. అంతకన్నా ఎక్కువ చుట్టడానికి కండెలు లేవు, వాటి అవసరమూ లేదు. ఏ రంగు కండె ఖాళీగా వచ్చిందో చూస్తే ఏ రంగు చుట్టాలో తెలిసేది. అంచు దగ్గర రంగు మారుతుందని ఎవరూ లోపలి నుంచి అరిచి చెప్పవలసిన పని లేకుండా ఖాళీ కండె రంగే చెప్పేది. ఓనో 1950 దశకంలో కాన్‌బన్ అనే చీటీల పద్ధతిని కర్మాగారంలో విస్తరించాడు. తరువాతి దశ పని చేసే విభాగం సరుకు తీసుకుపోయినప్పుడు ఆ సరుకుతో ఉన్న చీటీ వెనక్కి వస్తుంది, అంతకు ముందు దశ విభాగం ఆ చీటీలో ఉన్నంతే తయారుచేస్తుంది. చీటీ రాకపోతే తయారుచేయకూడదు. వినియోగదారు తీసుకున్నంత సరుకునే మళ్ళీ అరలో నింపే అమెరికా సూపర్ మార్కెట్ల తీరు నుంచి ఆయన ఈ ఊహ అందుకున్నాడు, 1956లో అమెరికా వెళ్ళినప్పుడు వాటిని స్వయంగా చూశాడు కూడా.

అవసరానికి మించి తయారుచేయడాన్ని ఆయన ఏడు రకాల వృథాలలో అన్నిటికన్నా చెడ్డదిగా ఎంచాడు. మిగిలినవి ఎదురుచూపు, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కరలేని పని చేయడం, నిల్వలు, మనిషి శరీరానికి అనవసరపు కదలికలు, లోపాలు. అధిక ఉత్పత్తిని మొదట పెట్టడానికి కారణం, మిగతా ఆరూ దాని నీడలో దాక్కుంటాయి. ఎక్కువ తయారైన సరుకును ఎక్కడో పెట్టాలి, మోయాలి, లెక్కపెట్టాలి, అందులో లోపముంటే అది చాలాకాలం తరువాత బయటపడుతుంది. ఈ పాఠం టొయోటా వారికి పుస్తకాల నుంచి రాలేదు. 1950లో అమ్ముడుపోని వాహనాలు, వసూలుకాని బాకీలతో ఆ కంపెనీ దివాలా అంచుకు చేరి, ఉద్యోగులను తగ్గించవలసి వచ్చింది, పెద్ద సమ్మె జరిగింది, కిచిరో తన పదవికి రాజీనామా చేశాడు. అడగని సరుకు చేసి పెట్టుకోవడం వల్ల ఎన్ని కుటుంబాలు వీధిన పడతాయో చూసిన వాళ్ళు చేసిన నియమం అది. లీన్ అంటే మనుషులను తగ్గించే ఉపాయమని భావించే యజమానులకు ఈ చరిత్ర తప్పకుండా చెప్పాలని నాకు అనిపిస్తుంది.

బాబాయిగారి ఇంట్లో నేను చూసిన మరొక పని పడుగు మార్చడం. చీరలు దిగి పాత పడుగు చివరికి వచ్చేసరికి కొత్త పడుగు సిద్ధంగా ఉండేది. దానికి ముందే ఒక తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు చాచి, గంజి పట్టించి, ఎండ ముదరక ముందే కుంచెలతో దువ్వి, చుట్టి తెచ్చేవారు. ఆ ఉదయం ఇరుగుపొరుగు మగ్గాల వాళ్ళంతా వచ్చి చెయ్యి వేసేవారు, మరొక రోజు వాళ్ళ పడుగుకు వీళ్ళు వెళ్ళేవారు. పాత పడుగును పూర్తిగా ఊడదీయకుండా దాని కొసలను అచ్చులోనూ పన్నెలోనూ అలాగే ఉంచి, ఒక్కొక్క కొసకు కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును అతికేవారు. అచ్చు కన్నులలో నుంచి వేల పోగులు మళ్ళీ మొదటి నుంచీ ఎక్కించే శ్రమ ఆ విధంగా తప్పేది. మగ్గం ఆగి ఉండవలసిన కాలం అతికేంత సేపే, మిగిలిన ఏర్పాట్లన్నీ మగ్గం ఆడుతుండగానే జరిగిపోయేవి.

యంత్రం ఆగితేనే చేయగల పనులను, యంత్రం నడుస్తుండగానే చేసి పెట్టుకోగల పనులను విడదీయడం షిగియో షింగో అనే ఇంజనీరు ప్రపంచానికి చెప్పిన పద్ధతి. 1969లో టొయోటాలో లోహపు రేకులను ఒత్తే 1000 టన్నుల ప్రెస్సు మీద మూస మార్చడానికి 4 గంటలు పట్టేది. ఆయన మార్గదర్శకత్వంలో మొదట గంటన్నరకు, తరువాత 3 నిమిషాలకు అది తగ్గింది. మూస త్వరగా మారితే కొద్దికొద్దిగా తయారుచేయవచ్చు, కొద్దికొద్దిగా తయారుచేస్తే నిల్వలు అక్కరలేదు. మార్పిడికి సగం రోజు పట్టే చోట ఎవరైనా సరే ఒకే రకం సరుకును గుట్టలుగా చేసి పెట్టుకుంటారు, వాళ్ళను తప్పుపట్టడానికి వీలులేదు.

మద్రాసు శివార్లలో నేను పనిచేసిన ఒక కర్మాగారంలో ఈ పద్ధతులన్నీ ఒక్కసారిగా ప్రవేశపెట్టారు. గోడల మీద బోర్డులు వెలిశాయి, నేల మీద పసుపు గీతలు గీశారు, పని వరుస పొడవునా తాడు కూడా కట్టారు. ఆ తాడును దాదాపు ఎవరూ లాగలేదు. మొదటి రోజుల్లో ఒక కుర్రవాడు లాగితే, వరుస ఆగినందుకు సూపర్‌వైజరు అందరి ముందూ అతనితో మాట్లాడిన తీరు చూసిన తరువాత ఇంకెవరి చెయ్యీ పైకి లేవలేదు. లోపాలు మాత్రం వరుస చివరి తనిఖీ బల్ల దాకా ప్రయాణం చేస్తూనే ఉండేవి, అక్కడ మా విభాగం వాళ్ళం వాటిని ఏరి పక్కన పెడుతూ ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో నాకు పదేపదే పిన్నిగారు గుర్తుకు వచ్చేది. తాడు కట్టడం సులభం, తాడు లాగిన మనిషి దగ్గరకు సాయానికి వచ్చే మనిషిని తయారుచేయడం కష్టం. టొయోటా వారు 2001లో తమ విధానాన్ని పుస్తకంగా రాసుకున్నప్పుడు నిరంతర మెరుగుదలతో పాటు మనుషుల పట్ల గౌరవాన్ని రెండో మూలస్తంభంగా పెట్టారు. బోర్డులు, గీతలు, చీటీలు మొదటి స్తంభానికి చెందినవి. రెండోది లేనిచోట మొదటిది ఎన్నాళ్ళో నిలబడదని ఆ వరుస పక్కన నిలబడి చూశాను.

తరువాత వచ్చిన షిఫ్టు అధికారి ఒకరు వేరే తీరు మనిషి. తాడు లాగిన చోటికి ఆయన నడిచి వెళ్ళి, “ఏం కనిపించింది తమ్ముడూ, చూపించు” అని అడిగేవారు. ఎవరు చేశారన్న ప్రశ్న ఆయన నోట రాలేదు. కొంతకాలానికి వరుస రోజుకు ఎన్నోసార్లు ఆగడం మొదలైంది. యాజమాన్యం కంగారుపడింది. అయితే ఆగిన ప్రతిసారీ ఒక కారణం బయటపడి సరిచేయబడింది గనుక క్రమంగా ఆగడాలు వాటంతట అవే తగ్గాయి, తనిఖీ బల్ల మీది గుట్ట కూడా తగ్గింది.

ఇక కాలువ సంగతి. మా నాన్నగారి ఊరు గోదావరి మధ్య డెల్టాలో, కాలువ శివారున ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల మా సీమకు పంట వచ్చిందనీ, ఆర్థర్ కాటన్ పేరు మా ఇళ్ళలో దేవుడి పేరుతో సమానమనీ ఇక్కడి వాళ్ళకు చెప్పనవసరం లేదు. బొబ్బర్లంక దగ్గర తల తూము దాటిన నీరు లొల్ల లాకుల దగ్గర చీలి, కాలువలై, పిల్లకాలువలై, బోదెలై, చిట్టచివరకు మా తాతయ్య మడికి చేరేది. చివరి మడి కావడం వల్ల, దారి పొడవునా ఎక్కడ ఏ చిన్న లోపమున్నా ఆ లోపం మా చేలోనే కనిపించేది. అందుకేనేమో మా తాతయ్యకు కారణం వెతికే అలవాటు అంత గట్టిగా ఉండేది.

ఒక ఏడాది సార్వాలో, అంటే వానాకాలపు తొలి పంటలో, ఊడ్పుల సమయానికి మా మడికి నీరు అందలేదు. పాలేరు వచ్చి బోదెలో నీరు తక్కువగా ఉందని చెప్పాడు. పైవాళ్ళు తూము దించేశారని ఊళ్ళో కొందరు అన్నారు, తగాదాకు వెళదామన్నారు. తాతయ్య తగాదాకు వెళ్ళకుండా నన్ను వెంటబెట్టుకుని బోదె గట్టున పైకి నడిచారు. తూము ఎత్తే ఉంది. నీరు ఎందుకు తక్కువ? మధ్యలో మలుపు దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడి ఉంది. అది ఆ మలుపు దగ్గరే ఎందుకు ఆగింది? అక్కడ అడుగు మేటవేసి బోదె లోతు తగ్గింది. వేసవిలో పూడిక తీశారు కదా, మళ్ళీ ఎందుకు మేటవేసింది? తీసిన మట్టిని గట్టు మీదే పోశారు. గట్టు మీద ఎందుకు పోశారు? దూరంగా మోయడానికి కూలి మాట్లాడలేదు. తొలకరి వానకు ఆ మట్టి అంతా మళ్ళీ బోదెలోకి జారింది. అప్పటికప్పుడు గుర్రపుడెక్క తీయించి నీరు పారించుకున్నాం గానీ, తాతయ్య అంతటితో వదలలేదు. ఆ మరుసటి వేసవిలో బోదె మీది రైతులందరినీ కూర్చోబెట్టి, తీసిన మట్టిని గట్టు దాటించి పల్లపు దొడ్లలో పోసేటట్టు, ఆ మోత కూలి అందరూ పంచుకునేటట్టు ఒప్పించారు. మలుపు దగ్గర మేట ఆ తరువాత మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు.

ఓనో తన పుస్తకంలో చెప్పిన యంత్రం కథ దీనికి తోడబుట్టినట్టు ఉంటుంది. యంత్రం ఆగింది, ఎందుకంటే ఎక్కువ భారం పడి ఫ్యూజు కాలిపోయింది. భారం ఎందుకు పడిందంటే బేరింగుకు నూనె అందలేదు. నూనె ఎందుకు అందలేదంటే పంపు సరిగ్గా తోడడం లేదు. ఎందుకు తోడలేదంటే పంపు ఇరుసు అరిగిపోయింది. ఎందుకు అరిగిందంటే జల్లెడ లేనందువల్ల లోహపు పొడి లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే కొద్దినెలల్లో యంత్రం మళ్ళీ ఆగుతుంది, జల్లెడ పెడితే ఆగదు. ఈ ప్రశ్నల గొలుసును గదిలో కూర్చుని అల్లడం కుదరదు. తప్పు జరిగిన చోటికి నడిచి వెళ్ళి, కళ్ళతో చూస్తూ అడగాలని టొయోటా వారు పట్టుబట్టేది ఇందుకే. పైరైతు తూము దించేశాడన్న మాట ఊళ్ళో కూర్చుంటే నిజమే అనిపించింది, గట్టున నడిచేసరికి అది అబద్ధమని తేలింది. మనుషుల మధ్య అకారణపు పగలు పెరగకుండా ఉండడానికైనా ఆ నడక అవసరం.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పిల్లలమైన మాకు పండుగగా ఉండేది, పెద్దలకు పని కాలం. కాలువ నిండుగా ఉన్నంత కాలం అంతా బాగున్నట్టే కనిపించేది. నీరు దిగేసరికి రాతికట్టు జారిన చోట్లు, తుప్పుపట్టిన తూము తలుపులు, పీతలు తొలిచిన బొరియలు, మలుపుల దగ్గర మేటలు ఒక్కొక్కటీ బయటపడేవి. చాలా ఏళ్ళ తరువాత శిక్షణ తరగతిలో ఒక బొమ్మ చూపించారు. నీటిలో పడవ వెళుతూ ఉంటుంది, నీటి అడుగున బండరాళ్ళు ఉంటాయి. నీరు నిల్వ సరుకు, రాళ్ళు కర్మాగారంలోని లోపాలు, నీటి మట్టం తగ్గిస్తే రాళ్ళు కనబడతాయి, అప్పుడు వాటిని తొలగించాలి అని వివరించారు. గదిలోని మిగతా వాళ్ళు దానిని ఊహించుకుంటున్నారు. ఏటేటా నీరు దించి, చూసి, బాగుచేసుకుని, మళ్ళీ నీరు వదులుకునే సీమలో పుట్టిన నాకు ఊహతో పని లేకపోయింది. మా కర్మాగారంలో రెండు యంత్రాల మధ్య ట్రేలలో పేర్చిన విడిభాగాలను కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే, ఇన్నాళ్ళూ ఆ ట్రేల వెనుక దాగిన నిజం బయటపడింది. రెండో యంత్రం పనిముట్టు మార్చడానికి షిఫ్టులో సగం పడుతోంది. అది ఎవరికీ కనిపించకపోవడానికి కారణం మధ్యలో ఉన్న ఆ గుట్టే.

అయితే నీటి మట్టం దించే ముందు ఆలోచించాలి. ఈ మాట మా అమ్మమ్మను తలచుకుని రాస్తున్నాను. ఆమె ఇంట్లో గాదె నిండుగా ఉండేది, అటక మీద కూడా బియ్యం, చింతపండు, ఎండుమిరపకాయలు ఉండేవి. లీన్ పుస్తకాలు చదివిన ఉత్సాహంలో ఎవరైనా దానిని వృథా నిల్వ అంటే నేను ఒప్పుకోను. ధాన్యం ఏడాదికి రెండే సార్లు ఇంటికి వస్తుంది, తినడం రోజూ జరుగుతుంది. పైగా గోదావరి పక్కన కాపురం. 1986 ఆగస్టులో వరద పోటెత్తినప్పుడు లంకల నుంచి వచ్చిన బంధువులందరికీ రోజుల తరబడి అన్నం పెట్టింది ఆ అటకే. కారణం తెలిసి, కొలత తెలిసి ఉంచుకునే నిల్వ వేరు, కారణం వెతికే ఓపిక లేక పోగుచేసే నిల్వ వేరు. మొదటిదాన్ని తగ్గించమని ఓనో చెప్పాడని నేను అనుకోను. తొందరపాటుతో దాన్ని తగ్గించిన సంస్థలు కరోనా సంవత్సరాలలో విడిభాగాలు అందక ఎంత ఇబ్బందిపడ్డాయో మనం చూశాం. 2011 భూకంపం తరువాత ఎలక్ట్రానిక్ చిప్పుల వంటి కొన్ని భాగాలను నెలల నిల్వతో ఉంచుకునే ఏర్పాటు చేసినది టొయోటానే.

దాళ్వాలో, అంటే రెండో పంటలో, నీరు చాలని ఏడాది వంతులు పెట్టేవారు. ఈ కాలువకు కొన్ని రోజులు, ఆ కాలువకు కొన్ని రోజులు. వంతులు మాటమీద నడిచిన ఏడాది ఎగువ రైతులు కూడా మడిలో కావలసినంతే పెట్టుకునేవారు. వంతు తప్పుతుందన్న పుకారు పుడితే చాలు, మళ్ళీ వస్తుందో రాదో అని గట్టు తెగేదాకా మడి నింపుకునేవారు, దానితో శివారుకు నిజంగానే నీరు రాకుండా పోయేది. ఎగువ రైతు దురాశపరుడని అనడం తేలిక. నాకు తెలిసి వాళ్ళలో ఎక్కువమంది భయపడిన వాళ్ళు. కర్మాగారంలో కూడా సరుకు దాచిపెట్టే విభాగం వెనుక ఇదే భయం ఉంటుంది. పని హెచ్చుతగ్గులు లేకుండా రోజూ సమంగా సాగేటట్టు చేయడాన్ని టొయోటా వారు అంత పట్టుదలగా పాటించడానికి కారణం ఇదేనని నేను అనుకుంటాను. నమ్మకంగా వచ్చే కొద్దినీరు ఎప్పుడో వచ్చే వెల్లువకన్నా మేలని శివారు రైతుకు తెలుసు.

లీన్ అన్న పేరు జపాన్ వాళ్ళు పెట్టుకున్నది కాదు. అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో కార్ల పరిశ్రమను పరిశోధిస్తున్న జాన్ క్రాఫ్‌సిక్ 1988లో ఒక వ్యాసంలో ఆ మాట వాడాడు, 1990లో ఆ బృందం ప్రచురించిన పుస్తకంతో ప్రపంచమంతా వ్యాపించింది. అక్కడి నుంచి ఆసుపత్రులకూ బ్యాంకులకూ సాఫ్ట్‌వేరుకూ చేరింది. దాని దారి ఎటు సాగినా, దానిని నడిపించే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఈ పనిలో తీసుకునే వారికి ఉపయోగపడేది ఎంత, వాళ్ళు అడిగినప్పుడు అది ఆటంకం లేకుండా అందుతోందా?

ఉద్యోగం ముగించుకుని కోనసీమకు తిరిగివచ్చిన తరువాత, అంబాజీపేట వైపు కొబ్బరిపీచు తీసే చిన్న కేంద్రం నడుపుతున్న మా బంధువుల అబ్బాయి సలహా అడిగితే వెళుతూ ఉన్నాను. యంత్రం బాగా నడుస్తోంది, పీచు నాణ్యత మాత్రం బాగుండడం లేదని అతని బాధ. యంత్రం దగ్గర కాకుండా ఆరుబయట పీచు ఎండబెట్టే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను. “మేం ఆరబెట్టేదానికన్నా మిషను ఎక్కువ తీసేస్తుందండి. పచ్చి పీచు గుట్టేస్తాం, అది నల్లబడిపోద్ది. వానొస్తే మళ్ళీ గుట్టలోకి, ఎండొస్తే మళ్ళీ పరుపులోకి. మోతతోనే నడుం పడిపోతందండి” అని వాళ్ళలో పెద్దావిడ చెప్పింది. యజమాని అప్పటిదాకా ఆమెను అడగలేదు. యంత్రం ఖాళీగా ఉంటే నష్టమన్న ఆలోచనతో పొద్దస్తమానం కొబ్బరి డొక్కలు వేయిస్తున్నాడు.

కళ్ళం నేలను గీతలతో గళ్ళుగా విడదీశాం. ఖాళీ గడి ఉంటేనే యంత్రంలో డొక్కలు వేయాలి, గళ్ళన్నీ నిండితే యంత్రం ఆపాలి, యంత్రం మీది మనిషి కూడా వచ్చి పీచు తిరగేయాలి. ఆపమని చెప్పే అధికారం ఆ పెద్దావిడకే ఇవ్వాలని నేను గట్టిగా చెప్పాను, ఆ అబ్బాయికి మొదట అది మింగుడుపడలేదు. ఎండలు బాగున్న రోజుల్లో ఏర్పాటు చక్కగా సాగింది, గుట్టలు పోయాయి, పీచు రంగు తేటపడింది. వానాకాలంలో గళ్ళన్నీ రోజుల తరబడి తడిగానే ఉంటాయి గనుక యంత్రం చాలాసేపు ఆగి ఉంటోంది. ఇప్పుడు సగం కళ్ళానికి పైకప్పు వేయించడానికి రేకుల ధరలు కనుక్కుంటున్నాడు. కప్పు ఏ వైపు ఎత్తుగా ఉండాలో, గాలి ఎటు నుంచి వస్తే పీచు త్వరగా ఆరుతుందో ముందు ఆమెనే అడగమన్నాను.